పెయింట్ ఎంత పల్చగా? అందాజు చాలదు, కొలత కావాలి

బైక్ ట్యాంకు మీదో హెల్మెట్ మీదో ఎయిర్‌బ్రష్‌తో బొమ్మలు వేసే పెయింటర్‌ను కారు పెయింట్‌లో థిన్నర్ ఎంత కలపాలని అడిగితే, తరచూ వచ్చే జవాబు ‘పాలంత పల్చగా’. ఏ పాలు? గేదె పాలా, ఆవు పాలా, నీళ్లు కలిపిన పాలా? చేయి తిరిగిన పనివాడి కంటికి ఈ కొలత సరిపోవచ్చు. కొత్తగా నేర్చుకునేవారికి మాత్రం మిగిలేది మూసుకుపోయిన నాజిల్, వృథా అయిన పెయింట్.

కారు పెయింట్‌ను తయారుచేసేది స్ప్రే గన్ కోసం. గన్ నాజిల్ రంధ్రం సుమారు 1.3 మిల్లీమీటర్లు, ఎయిర్‌బ్రష్‌ది సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లే. సన్నని గొట్టం వ్యాసం సగమైతే, అదే పీడనం వద్ద అందులో పారే ద్రవం పదహారో వంతుకు పడిపోతుందని 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు ప్వాజెయ్ ప్రయోగాలు చూపాయి. నాజిల్ పొడవాటి గొట్టం కాదు కనుక ఆ లెక్క అచ్చంగా వర్తించదు. అయినా రంధ్రం చిన్నదయ్యేకొద్దీ పెయింట్ స్నిగ్ధత, అంటే చిక్కదనం, బాగా తగ్గాలన్నది నిజం.

‘ఒకటికి ఒకటి’ అన్న పాళ్లు ఒక్కటే ఇందుకు చాలవు. వేడి పెరిగితే స్నిగ్ధత తగ్గుతుంది. మే నెల మధ్యాహ్నం చక్కగా కుదిరిన పాళ్లు డిసెంబరు ఉదయం చిక్కగా అనిపిస్తాయి. దీనికి విరుగుడు విస్కాసిటీ కప్పు. అడుగున రంధ్రం ఉన్న ఈ కప్పును నింపి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెట్టాలి. 4 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న డిన్ కప్పు నుంచి నీళ్లయితే దాదాపు 10 సెకన్లలో కారిపోతాయి. బాగా కుదిరిన మిశ్రమానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసి పెట్టుకుంటే, ఏ కాలంలోనైనా మళ్లీ ఆ అంకెకే రావచ్చు.

ఎంత అన్నదే కాదు, ఏ థిన్నర్ అన్నదీ ముఖ్యమే. ఎయిర్‌బ్రష్ తుంపరలు చాలా చిన్నవి. వాటి పరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి త్వరగా ఆరిపోతాయి. థిన్నర్ మరీ వేగంగా ఆవిరైతే తుంపర గాలిలోనే ఎండి, ఉపరితలంపై గరుకుగా పడుతుంది. సూది మొనపై గట్టిపడుతుంది. అందుకే ఎండాకాలంలో నెమ్మదిగా ఆవిరయ్యే రకం మేలు. హార్డెనర్ కలిపే టూకే పెయింట్‌లో చవకైన ఎన్‌సీ థిన్నర్ వాడటం మరో పొరపాటు. ఆ థిన్నర్లలో తరచూ ఉండే ఆల్కహాళ్లు హార్డెనర్‌లోని ఐసోసైనేట్లతో చర్య జరిపి వాటిని ఖర్చు చేసేస్తాయి. పూత సరిగా గట్టిపడదు.

ఆ ఐసోసైనేట్లే పెయింటర్ ఊపిరితిత్తులకూ ముప్పు. వాటి తుంపరలు పీల్చిన కొందరికి ఆస్తమా వస్తుంది. ఒకసారి శరీరం వాటికి స్పందించడం మొదలుపెడితే, ఆ తర్వాత అతి కొద్ది మోతాదు కూడా ఇబ్బంది పెడుతుంది. ప్రమాదకర స్థాయిలో ఉన్నా వాసనతో పసిగట్టలేం. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వీటిని ఆపలేదు. బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కే సరైన రక్షణ. బొమ్మ చిన్నదైనంత మాత్రాన, వాడే బ్రష్ చిన్నదైనంత మాత్రాన రసాయనం మారదు.

కప్పు పెట్టి కొలుస్తూ కూర్చుంటే పని సాగదని కొందరు అంటారు. కొలవడానికి పట్టేది ఒక నిమిషం లోపే. పాడైన ట్యాంకును గీకి మళ్లీ వేయడానికి ఒక రోజు పోతుంది. పెయింట్ కంపెనీలు సాంకేతిక వివరాల పత్రాలను తెలుగులోనూ ఇవ్వాలి. పెయింటర్లకు శిక్షణ ఇచ్చేచోట బ్రష్ పట్టడంతో పాటు కప్పుతో కొలవడం, సరైన మాస్కు వాడటం తొలిరోజే నేర్పాలి. కంటి అంచనాకు విలువ లేదని కాదు. దాన్ని ఇంకొకరికి రాసి ఇవ్వలేం; అంకెనైతే ఇవ్వగలం.