గాదె ఎవరిది, తాళంచెవి ఎవరిది?

ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పటి నుంచీ మన సభావేదికల మీద మట్టికుండలు ఎక్కువయ్యాయి. కొర్రలు పోసిన కుండ, పక్కన వేపాకు, వెనక గాదె బొమ్మ, మైకు ముందు ఒక పెద్దమనిషి. 'మన అమ్మమ్మలకి అన్నీ తెలుసు' అంటాడాయన. తెలుసు, నిజమే. ఆ తెలిసినదాన్ని వాళ్లు ఏ షరతుల మీద బతికించుకొచ్చారన్నది మాత్రం ఏ వేదిక మీదా చర్చకు రాదు. ఈ పొగడ్త మీద నాకున్న పేచీ అదే.

మా అవ్వది కొనకనమిట్ల. వానను నమ్ముకున్న చేలు. కంది, సజ్జ, జొన్న, కొర్ర. ఒక ఏడు పండితే రెండేళ్లు తినాలన్న లెక్క అక్కడ ఆడవాళ్ల ఒంట్లోనే ఉంటుంది. కందులకి ఎర్రమన్ను నీళ్లు పట్టించి, ఎండబెట్టి, విసిరి, చెరిగి, పప్పుకి ఆముదం రాసి, కుండలో పోసి, పైన బూడిద పరిచి, మూత చుట్టూ పేడమట్టి మెత్తేది. దీనిని 'చిట్కా' అంటారు. పుచ్చుపురుగు గింజ పైన గుడ్డు పెడుతుంది. నూనె పొర ఆ గుడ్డుకి గాలి ఆడనివ్వదు. బూడిద, మన్ను పురుగు ఒంటి మీది మైనపు పొరని గీకేస్తే ఒంట్లో తేమంతా ఆరిపోయి చస్తుంది. గుండు గింజలో పెరిగినంత సులువుగా పగిలిన పప్పులో ఆ పురుగు పెరగలేదు. ఇది కీటకశాస్త్రం. కానీ శాస్త్రం అనిపించుకోవాలంటే చేసే మనిషికి జీతం, బల్ల, కుర్చీ ఉండాలి కదా! 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చెరగడం, ఎండబెట్టడం, పురుగు పట్టిందేమోనని మళ్లీ మళ్లీ తిరగబోసుకోవడం ఆ 289లోనే ఎక్కడో కలిసిపోయి ఉంటాయి.

ఇంత చేసిన అవ్వ దగ్గర తాళంచెవి లేదు. అది తాత మొలతాటికి ఉండేది. గాదె తెరిచి ఎన్ని మూటలు అమ్మాలో ఆయనా వ్యాపారీ తేల్చుకునేవాళ్లు. కాపాడే బాధ్యత ఆమెది, ఖర్చుపెట్టే హక్కు ఆయనది. పితృస్వామ్యాన్ని వివరించడానికి నాకు ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదనిపిస్తుంది.

అయితే అవ్వకి గాదె అయినా ఉంది. అదే ఊళ్లో మాదిగపల్లెలో ఒక పెద్దావిడని 'మీరు గింజలు ఎక్కడ దాచుకునేవాళ్లు?' అని అడిగాను. 'దాచుకోడానికి మిగిలితే గదమ్మా' అంది. కోసింది ఆమె, నూర్చింది ఆమె, మా గాదె నింపింది ఆమె. కళ్లంలో మేర కింద వచ్చిన నాలుగు మానికలు ఆ వారంలోనే అయిపోయేవి. విమల 'వంటిల్లు' కవిత తర్వాత మనం వంటింటి చాకిరీ గురించి చాలా మాట్లాడుకున్నాం. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక అయినా ఎవరి వంటిల్లు అని అడగడం నేర్చుకోవాల్సింది. నిల్వ గురించి రాసేటప్పుడు ఆ ప్రశ్న మళ్లీ మాయమవుతోంది. నిల్వ ఉండటమంటే కరువులో ముందు ఎవరు చస్తారో నిర్ణయమైపోవడమే. 1876-78 ధాత కరువులో ఘోరంగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. మార్కాపురం అప్పుడు ఆ జిల్లాలోదే. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడికి రోజు కూలి ఒక పౌను గింజలు, ఒక అణా అని ఖరారు చేశాడు. ఆడవాళ్లకి అంతకంటే తక్కువ. దేశంలోంచి గింజల ఎగుమతి మాత్రం ఆగలేదు. గింజలు లేక కాదు, గింజల మీద హక్కు లేక చచ్చారు.

ఇక ఊరగాయ జాడీ. ముట్టయిన ఆడది తాకితే బూజు పడుతుందట. బూజు పడేది తడి గరిటె వల్ల, ఉప్పు తగ్గినందువల్ల, ముక్క నూనెలో మునగనందువల్ల. ఉప్పు సూక్ష్మజీవులకి నీళ్లు అందకుండా చేస్తుంది, నూనె గాలిని ఆపుతుంది. నెత్తురుకి ఇందులో పనేమీ లేదు. కాయ కోసి, కారం దంచిన మనిషినే నెలకి మూడు రోజులు జాడీకి దూరం పెట్టి, సీసా మీద 'అమ్మ చేతి రుచి' అని అచ్చేసుకునే మార్కెట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పుడేం జరుగుతోంది? చాలామంది కళ్లంలోనే కందులు అమ్మి, మళ్లీ కొట్లో పప్పు కొంటున్నారు. గింజలు ఉంచుకున్నవాళ్లు కొందరు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు వేస్తున్నారు. అవి ఫాస్ఫీన్ వాయువు వదులుతాయి, మనిషిని చంపగలవు. శిక్షణ ఉన్నవాళ్లే వాడాల్సిన ఆ మందు, పిల్లలు పడుకునే గదిలోనే. వేరే గది ఏది? 2020లో రాష్ట్ర ప్రభుత్వం పల్లెల్లో ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర, అంటే 72 గజాలు. అందులో గాదె ఎక్కడ కట్టాలి, వడియాలు ఎక్కడ పెట్టాలి? 2013 ఆహార భద్రతా చట్టం రేషన్ కార్డు మీద ఇంటి పెద్దగా పెద్ద వయసు స్త్రీ పేరు రాయమంది. మంచిదే. పేరు ఆమెది, నెలకి మనిషికి అయిదు కిలోలు. ఆ బియ్యం ఏ నేలవో, ఏ గింజో నిర్ణయించే చోట ఆమె లేదు.

దారి లేదని కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు 1990లలోనే బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, ఎవరు పేదలో తామే తేల్చి వాళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు. విత్తనాలూ వాళ్ల దగ్గరే ఉన్నాయి. 2019లో ఆ సంఘాలకి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. వాళ్లు వారసత్వాన్ని అద్దాల పెట్టెలో పెట్టలేదు, గింజ మీద అధికారం తీసుకున్నారు.

పడమటి ప్రకాశంలో అలాంటి గింజల కొట్టు ఊరికొకటి కావాలి. రేషన్‌కి కందీ కొర్రా అక్కడి చేలల్లోంచే కొనాలి. ఎండబెట్టి, చెరిగి, కాపాడే పనికి ఉపాధి హామీ కూలికి తగ్గకుండా ఇవ్వాలి. గోడలు లేవకముందే ఒకటి మాత్రం తీర్మానంలో రాయించుకోవాలి. ఆ కొట్టు తాళంచెవి మాదిగపల్లె ఆడవాళ్ల దగ్గర ఉంటుందా, లేక సర్పంచిగారింట్లో మేకుకి వేలాడుతుందా?