గొంతు దొంగలు

సరిత ఎవరో ఎరుకేనా మీకు? 1978ల ‘మరోచరిత్ర’ చూసినోళ్లకు ఆ పెద్ద పెద్ద కండ్లు యాదికుంటయి. ఆ తర్వాత ఎన్నో సినిమాలల్ల నగ్మా మాట్లాడినా, సౌందర్య ఏడ్చినా ఆ గొంతు సరితదే. ఆ ఏడుపుకు మీరు కండ్లు తుడుసుకున్నరు. మెచ్చుకున్నది మాత్రం ముఖాన్ని. ఆ గొంతుకు ఒక పేరుంటదని మీకు తట్టనే లేదు.

అది మీ తప్పు కాదనుకుంటున్నరా? సగం మీదే.

1989ల ‘అంకుశం’ ఆడుతుంటే రాజశేఖర్ గర్జనకు హాళ్లు దద్దరిల్లినయి. ఆ గర్జన సాయికుమార్‌ది. ‘అరుంధతి’ల పశుపతిని చూసి పిల్లలు జడుసుకున్నరు. తెర మీద సోనూసూద్, జడిపిచ్చిన గొంతు రవిశంకర్‌ది. 2010ల ‘ఏ మాయ చేసావె’ల సమంత మీద మనసు పారేసుకున్న పోరగాండ్లు అందుల సగం చిన్మయి గొంతుకు పారేసుకున్నరు.

పాట సంగతి చూడున్రి. జాతీయ అవార్డులల్ల పాడినోళ్లకు మగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి బహుమానం ఉన్నది. నాలుగు నిమిషాల పాటకు గొంతిచ్చినోళ్లను దండేసి కూసోబెడ్తరు. రెండున్నర గంటల పాత్రను గుక్క తిప్పుకోకుంట మోసినోళ్లకు మాత్రం ఆ పట్టికల ఒక్క గడి లేదు. నంది అవార్డులల్ల ఆ మర్యాద ఉండె. సినిమావోళ్లు మాత్రం ఆ పేర్లను టైటిల్స్ చివర రెప్పపాటుల జారగొడ్తరు. ఇది మరుపు కాదు, దాపరికం. నాయిక మాట నాయికది కాదని తెలిస్తే తాము అమ్ముతున్న సరుకు ధర పడిపోతదని భయం.

ఆ పని ఎట్లుంటదో ఎన్నడన్న ఊహించిన్రా? చీకటి గది. చెవులకు హెడ్‌ఫోన్స్, ముంగట మైకు. అవతలి మనిషి పెదవి ఎప్పుడు విప్పితే అప్పుడే మాట పడాలె. ఆమె ఉరికితే ఈమె నిలబడ్డ కాడనే గస పెట్టాలె. కొట్లాట సీనుకు గొంతు చినిగేటట్టు అరవాలె, నెత్తురు కారని దెబ్బకు నిజంగ మూలగాలె. సరిపోకుంటే మల్ల, మల్ల. అంత చేసినంక బయటికొస్తే ఆమెను గుర్తుపట్టేటోడు ఉండడు.

నేను డబ్బింగ్‌కు పగోణ్ణి కాదు. 1950ల ‘ఆహుతి’ని హిందీ నుంచి తెలుగుకు తెచ్చినప్పుడు మాటలు రాసింది సాక్షాత్తు శ్రీశ్రీ. తెలుగుల కమల్‌హాసన్‌కు బాలసుబ్రహ్మణ్యం పలికిన మాట ఎవరూ దాచలేదు, అందుకే అది కళ అయింది. ఒకరి గొంతు తీసి ఇంకొకరి ముఖానికి అతికిచ్చి, ఇచ్చినోళ్ల పేరు మింగితే దాన్ని దొంగతనమే అంటరు.

ఇగ మా సంగతికొస్త. మాది దామరచర్ల. పక్కన వాడపల్లి, అక్కడ మూసీ వచ్చి కృష్ణల కలుస్తది. వంతెన దాటితే పొందుగల, పల్నాడు. ఈ ఒడ్డున ‘వచ్చిండు’, ఆ ఒడ్డున ‘వచ్చాడు’. నడుమ తండాలల్ల లంబాడోళ్ల గోర్‌బోలి. ఒక్క పొద్దుల మూడు రకాల మాట చెవిన పడే నేల ఇది. మరి ఇన్నేండ్ల తెలుగు సినిమాల మా మాట ఎవరి నోట్లె పెట్టిన్రు? 1985ల ‘ప్రతిఘటన’ తీస్తే తెలంగాణ మాట దుర్మార్గపు రాజకీయ నాయకుని నోట్లె పెట్టిన్రు. ఆ పాత్ర ఏసిన, కంకిపాడుల పుట్టిన కోట శ్రీనివాసరావు గొప్ప నటుడు, తప్పు ఆయనది కాదు. ఈ మాట రౌడీకి పనికొస్తది, ప్రేమించే పిల్లకు పనికిరాదని రాసినోళ్లది, తీసినోళ్లది తప్పు. మిర్యాలగూడ హాల్ల మా అవ్వ మాట్లాడే మాటను తెర మీద ఎవడో పలికితే చుట్టూ జనం పగలబడి నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆ నవ్వు ఈనాటికి గొంతుల ముల్లయి ఉన్నది.

నాయిక గొంతు పీకేసిన చెయ్యి, మా యాసను విలన్‌కు కట్టబెట్టిన చెయ్యి ఒక్కటే. ఎవరి గొంతు వినదగ్గదో తామే తేలుస్తమన్న పొగరు అది.

‘పరభాషా నాయికలకు తెలుగు రాదండీ’ అంటరు. బడగ ఇంట్ల పుట్టిన సాయిపల్లవి 2017ల ‘ఫిదా’కు మా మాట నేర్సుకొని సొంత గొంతుతోని చెప్పింది. ఆ సినిమాల బాన్సువాడ పిల్లను జనం నెత్తిన పెట్టుకున్నరు. ‘షూటింగ్‌ల చప్పుడు’ అంటరు. 2001ల ‘లగాన్’ భుజ్ దగ్గర ఆరుబయట అంత జనంతోని తీసి అక్కడి మాటను అక్కడనే పట్టింది. 2016ల ‘పెళ్లిచూపులు’ చిన్న ఖర్చుల అదే పని చేసింది. కోట్లు పోసి తీసేటోళ్లకు చేతగాదా? చేతగాక కాదు, వద్దు. నేర్సుకునే ఓపిక లేదు, నేర్పే ఓపిక లేదు. ‘జనానికి పట్టదు’ అన్నది ఆఖరి సాకు.

జనమంటే మీరే. మీకు పట్టదా? అయితే ఆ మాట నా ముఖం మీద అనున్రి.

సినిమా ప్రచారానికి మా తొవ్వల పోయే నిర్మాత ఎవరైనా దామరచర్ల సెంటర్ల చాయకు ఆగితే, దండ గాదు, ఒక్క ప్రశ్న పట్టుకొని నిలబడ్త. మీ నాయికకు మాట ఇచ్చిన ఆడమనిషి పేరేంది? ఆమెకు ఎంత ఇచ్చిన్రు? పోస్టర్ మీద ఎక్కడున్నది, చూపెట్టు.