హలీం ఎవరిది?

హైదరాబాదు వంట నవాబుల వంట అని పెద్దలు తరచు సెలవిస్తుంటారు. నేనొప్పుకోను. నవాబు తిన్నాడు, వండినవాడు వేరు.

హలీంనే తీసుకోండి. గోధుమనూ మాంసాన్నీ గంటల తరబడి ఉడికించి మెదిపే అరబ్బుల హరీసుకు అది దగ్గరి చుట్టం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిపాయిల బస బార్కస్. 'బ్యారక్స్' అన్న ఇంగ్లీషు మాటే జనం నోట అలా మారింది. 1948 పోలీసు చర్య తర్వాత ఆ అరబ్బులలో ఎందరినో పరాయివారని నిర్బంధించారు, దేశం దాటించారు. 2010లో హైదరాబాదు హలీంకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వంటకం మనదయింది, మనిషి మాత్రం పరాయివాడు!

ఇది గతించిన కథ అనుకుంటే పొరపాటు. నేడు మన హోటళ్ళ పొయ్యిల ముందు చెమటోడ్చేవారిలో బీహారు, ఒడిశా, బెంగాలు కూలీలు ఎందరో. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. లింగంపల్లి నుంచి హటియాకు తొలి శ్రామిక రైలు కదిలింది మే 1న. ఆ ఐదు వారాలూ వలస కూలీకి పనీ లేదు, ఇంటికి దారీ లేదు. అతని చేతివంట మెచ్చిన నగరానికి అతని ఆకలి పట్టలేదు.

రుచికి రాజవంశం అంటగట్టడమంటే శ్రమను చరిత్ర నుంచి తుడిచివేయడమే. మిత్రులారా, గిన్నెను పొగిడే ముందు గరిటె పట్టిన చేతికి కూలి ఎంత, బస ఎక్కడ అని అడుగుదాం.