మొహం మాడ్చుకుందట!

పెళ్ళిచూపుల దగ్గర్నుంచీ మన మొహాల మీద అందరికీ హక్కే. పొయ్యి సెగకి కళ్ళు చిట్లించినా, నడుంనొప్పికి పెదవి బిగించినా తీర్పు ఒక్కటే: కోడలు మొహం మాడ్చుకుంది. అవే కనుబొమలు ఇంటాయన ముడిస్తే "పాపం, ఆఫీసు టెన్షన్"! ముడత ఒకటే కదండీ, అర్థాలు రెండెలా అయ్యాయి?

కనుబొమలు కిందికి దిగి ఇంగ్లీషు 'వి'లా కలిస్తే కోపం, పెదాల చివర్లు పైకి లేస్తే సంతోషం, కిందికి వంగితే దుఃఖం. చిన్నపిల్లలు గీసే బొమ్మల్లోనూ, ఫోన్లో ఎమోజీల్లోనూ ఇదే లెక్క. బొమ్మకి చాలు. మనిషికి చాలదు.

పాల్ ఎక్మన్ అనే అమెరికా సైకాలజిస్టు 1960ల్లో పపువా న్యూగినీ వెళ్ళి, ఫోరే తెగవాళ్ళకి చిన్న చిన్న కథలు చెప్పి, ఏ కథకి ఏ మొహం సరిపోతుందో రెండు మూడు ఫొటోల్లోంచి ఏరమన్నాడు. చాలావరకు సరిగ్గానే ఏరారు. దాంతో మొహాల భాష ప్రపంచమంతా ఒకటే అన్నాడు. కానీ కథ ముందే చెప్పి ఫొటో ఏరమనడం వేరు, ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి మనసు చెప్పేయడం వేరు.

2019లో లీసా ఫెల్డ్‌మన్ బారెట్, మరో నలుగురు శాస్త్రవేత్తలు కలిసి పాత పరిశోధనల్ని తిరగేశారు. కోపం వచ్చినప్పుడు మనుషులు కనుబొమలు ముడిచేది సుమారు 30 శాతం సార్లేనట. మిగతాప్పుడు ఏడుస్తాం, ఊరుకుంటాం, నవ్వేస్తాం కూడా. (గిన్నెలు కాస్త గట్టిగా తోముతాం, అది వాళ్ళ లెక్కలోకి వచ్చినట్టు లేదు.) కోపం లేకుండా ముడవడమూ ఉంది. సూదిలో దారం ఎక్కిస్తున్నప్పుడు ఓసారి అద్దంలో చూసుకోండి.

మైక్రోసాఫ్ట్ కంపెనీ 2022లో, మొహం చూసి భావం చెప్పే సౌకర్యాన్ని తన సాఫ్ట్‌వేర్‌లోంచి తీసేస్తున్నామంది. కంప్యూటరే చేతులెత్తేసిన పనిని మన పెద్దవాళ్ళు హాల్లో సోఫాలో కూర్చుని, టీవీ చూస్తూనే చేసేస్తున్నారు!

ముడిచిన మొహానికి తిట్లయినా పడతాయి. నవ్వుమొహం వైపు అసలెవరూ చూడరు. ఏ ఇల్లాలో ప్రాణం తీసుకున్న మర్నాడు వీధంతా అనే మాట తెలుసుగా: "నిన్న సాయంత్రం కూడా నవ్వుతూ పలకరించిందండీ!" పలకరించింది, నిజమే. "ఎలా ఉన్నావమ్మా" అని అడిగి, జవాబు చెప్పేదాకా నిలబడినవాళ్ళు ఎంతమంది? నవ్వింది కాబట్టి బాగానే ఉందనుకుని ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నాం.