పుట్టిన గడ్డపై పరదేశులు

ఇల్లు కాలిన మరల కట్టుకొనవచ్చును. పంట పోయిన మరుసటియేట పండించుకొనవచ్చును. కాని "నీవు ఈ దేశస్థుడవు కావు" అని ప్రభుత్వమే శాసించినచో మనుష్యుడు పోవలసిన చోటేది? 2017 ఆగస్టు తరువాత బర్మా పడమటి తీరమందలి ఆరకానునుండి 7 లక్షలకు మించిన రోహింగ్యాలు బంగ్లాదేశమునకు పారిపోయిరి. లోకము నాటి మంటలను జూచి నివ్వెరపోయెను. ఆ నిప్పు 35 ఏండ్లకు ముందే శాసనపత్రముపై రాజుకొన్నదని గుర్తించినవారు కొలదిమందియే.

రోహింగ్యాలు నిన్న మొన్న వచ్చినవారని బర్మా పాలకులు చెప్పుదురు. 1799లోనే బుకానను అను వైద్యుడు, ఆరకానులో చిరకాలముగా నివసించు మహమ్మదీయులు తమ్ము "రూయింగా" యని చెప్పుకొందురని వ్రాసెను. 1826లో ఆ సీమ ఆంగ్లేయుల వశమైన పిమ్మట వంగదేశమునుండి రైతులును కూలీలును పెక్కురు వచ్చి చేరిన మాటయు సత్యమే. 1942 యుద్ధకాలమున ఇరుగుపొరుగువారే రెండు పక్షములై యొండొరులను చంపుకొనిరి. ఆ పగ చల్లారలేదు. అయినను స్వతంత్ర బర్మా తొలినాళ్లలో రోహింగ్యాలు వోటు వేసిరి, శాసనసభలో కూర్చుండిరి, రంగూను రేడియోలో వారి భాష వినవచ్చెను.

1962లో సైనికులు రాజ్యమును చేజిక్కించుకొన్న పిమ్మట గాలి మారెను. 1978లో, తనిఖీ యను నెపమున సాగిన దౌర్జన్యమునకు వెఱచి సుమారు 2 లక్షలమంది పారిపోయిరి. 1982 శాసనము 1823కు పూర్వము స్థిరపడిన జాతులకే సంపూర్ణ పౌరసత్వము నొసగెను. ప్రభుత్వము గుర్తించిన జాతులలో రోహింగ్యాలు లేరు. తక్కినవారు పూర్వుల నివాసమునకు ఆధారములు చూపవలెనట! వరిచేను దున్నుకొను రైతు ఏ దస్తావేజు చూపగలడు? 1991-92లో మరల సుమారు రెండున్నర లక్షలమంది వలసపోయిరి. 2015లో చేతనున్న తెల్లకార్డులును రద్దయ్యెను. దానితో వోటును పోయెను.

2017 ఆగస్టు 25న రోహింగ్యా సాయుధులు పోలీసు ఠాణాలపై బడిరి గదా యని కొందరు వాదింతురు. దోషులను విచారించి దండింపుడు, కాదనువారెవరు? అందులకై ఊళ్లకూళ్లు తగులబెట్టుట యే ధర్మశాస్త్రమందలి శిక్ష?

ఈ కథ ఆంధ్రులకు క్రొత్తది కాదు. మనవారిని "కోరంగీలు" అని పిలిచిన దేశమది. 1930లో రంగూను రేవున తెలుగు కూలీల నెత్తురు చిందినది. 1942లో మనవారు అడవులు నడిచి, దారిలో అసువులు బాసిరి. 1964 జాతీయీకరణము పిమ్మట అనేకులు కట్టుబట్టలతో ఓడలెక్కిరి. అయినను వారి వెనుక విశాఖ తీరముండెను. మీరు మావారని చెప్పు ప్రభుత్వముండెను. రోహింగ్యాలకు అట్టి తీర మేది? బంగ్లాదేశము ఆశ్రయ మొసగెను గాని పౌరసత్వ మొసగలేదు. శిబిరమున బుట్టిన శిశువునకు తల్లి గలదు, దేశము లేదు. మన దేశమునకు వచ్చి హైదరాబాదున తలదాచుకొన్నవారికిని కాందిశీకుల హక్కుల నిర్ణయించు చట్ట మేదియు మనకు లేదు.

వారిని వెనుకకు పంపుటయే పరిష్కారమని పలువురందురు. 1978లో పోయినవారిని మరల పంపిరి. 1992 తరువాతను పంపిరి. పౌరసత్వము లేక మరలినవారు మరల పారిపోవలసి వచ్చెను. 2020 జనవరిలో అంతర్జాతీయ న్యాయస్థానము రోహింగ్యాలను రక్షింపుమని బర్మాను ఆజ్ఞాపించెను. ఏడాది తిరిగినంతనే, 2021 ఫిబ్రవరిలో, 2017 దహనకాండ నడిపిన సేనానులే సమస్త రాజ్యమును కబళించిరి.

కావున మేము చెప్పునది యొక్కటే. గుడారమునకు బియ్యము పంపుట భూతదయ, అది మానరాదు. కాని న్యాయము పౌరసత్వ పత్రముననే యున్నది. 1982 శాసనమును తొలగింపక చేయు పునఃప్రవేశము మరియొక పలాయనమునకు నాంది. రేపు బర్మాలో ఏ ప్రజాప్రభుత్వ మేర్పడినను దాని స్వాతంత్ర్యమున కిదియే గీటురాయి. తన బిడ్డలలో కొందరిని పరదేశులని గెంటివైచిన దేశము, తక్కినవారికి మాత్రము ఎంతకాలము తల్లియై యుండగలదు?