గట్టి రబ్బరు అంటే మంచి రబ్బరు కాదు

"గట్టి" అనే మాట మనల్ని మోసం చేస్తుంది. గట్టి మనిషి, గట్టి పిండం, గట్టి సంబంధం, అన్నీ మెచ్చుకోలే. అందుకే బండికి రబ్బర్లు కొనేటప్పుడు కూడా నోటికి అదే వస్తుంది: గట్టివి ఇవ్వండి. ఇంజిన్ మౌంటింగుల విషయంలో ఇది శుద్ధ తప్పు.

ఇక్కడ ఇంగ్లండులో మనవాళ్ల పిల్లలు కొందరు మిలిటరీ వాళ్లు వాడి అమ్మేసిన పాత ల్యాండ్ రోవర్లు కొని, మొత్తం విప్పి, మళ్లీ కడుతున్నారు. నాకు చాలా సంతోషం. నా గ్యారేజీలో కూడా ఒకటి ఉంది, సిరీస్ త్రీ లైట్‌వెయిట్. గుడిలో అన్నదానం గిన్నెలు తోముతూ కూడా మేము మాట్లాడుకునేది వీటి గురించే. ఈమధ్య ఒక కుర్రాడు ఫోనులో ఫొటో చూపించాడు. నారింజ రంగు పాలీయురేథేన్ మౌంటింగులు. "అంకుల్, ఇవి జీవితాంతం ఉంటాయట" అన్నాడు. ఉంటాయి బాబూ, నీ నడుమే ఉండదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం: మౌంటింగు అంటే ఇంజిన్‌నీ గేర్‌బాక్సునీ ఛాసిస్ మీద కూర్చోబెట్టే రబ్బరు దిమ్మ. రబ్బరుకి అటూ ఇటూ ఇనుము అతికించి ఉంటుంది. ఇండియాలో స్పేర్ పార్టుల షాపుల్లో ఇంజిన్ ఫౌండేషన్ అని కూడా అంటారు. ఆ పేరు కూడా మోసమే. పునాది కదలకూడదు, ఇది కదలాలి. సిరీస్ ల్యాండ్ రోవర్‌లో ఇంజిన్‌కి రెండు, గేర్‌బాక్సుకి రెండు, మొత్తం నాలుగు.

ఎందుకు కదలాలో చిన్న లెక్కతో చెబుతాను. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఒక్క చుట్టు తిరిగితే రెండు పేలుళ్లు. నిమిషానికి 700 చుట్లతో ఊరికే నిలబడి తిరుగుతుంటే 1400 పేలుళ్లు, అంటే సెకనుకి సుమారు 23 కుదుపులు. రబ్బరు మీద కూర్చున్న ఇంజిన్‌కి, ఉయ్యాలకి ఉన్నట్టే, తనదైన ఊపు ఒకటి ఉంటుంది. ఆ ఊపు సెకనుకి 10 సార్లు అనుకోండి. దానికి 1.4 రెట్లు, అంటే 14 దాటిన కుదుపులనే రబ్బరు తగ్గించగలదు. మన 23 హాయిగా దాటింది. ఇప్పుడు నాలుగు రెట్లు బిగువైన దిమ్మలు పెట్టండి. ఊపు రెట్టింపై 20 అవుతుంది. తగ్గించడం 28 దాటాక గాని మొదలవదు. మన 23 ఆ గీతకి ఇవతలే ఉండిపోయింది. అంటే సిగ్నలు దగ్గర ఆగిన ప్రతిసారీ ఆ మౌంటింగు కుదుపుని ఆపకపోగా పెంచి ఛాసిస్‌కి పంపుతుంది. అక్కడినుంచి బల్క్‌హెడ్‌కి, అద్దాలకి, మీ పళ్లకి.

"మిలిటరీ బండి కదా అంకుల్, గట్టిగా ఉండాలి కదా" అంటారు. సరే, మిలిటరీనే అడుగుదాం. లైట్‌వెయిట్‌ని హెలికాప్టరు కింద వేలాడదీసి తీసుకెళ్లడానికి తయారు చేశారు. బరువు తగ్గించడానికి తలుపులు, ముందు అద్దం, పైకప్పు అన్నీ ఊడిపోయేలా చేశారు. అంత పిసినారితనంలో కూడా ఆ నాలుగు రబ్బర్లూ ఉంచారు. రేడియోలు మోసే 24 వోల్టుల బండ్లలో కూడా ఉంచారు. వాళ్లకి తెలియనిది ఈ నారింజ రంగు అమ్మేవాళ్లకి తెలిసిందా?

అవతలివాళ్ల వాదనలో ఒక్కటి మాత్రం నిజం. మామూలు రబ్బరుకి నూనె పడదు. నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. పాలీయురేథేన్ తట్టుకుంటుంది. పాత ల్యాండ్ రోవర్ నూనె కార్చకుండా ఉండదని నాకూ తెలుసు. దానికి మందు కారే చోట సీలు మార్చడం. ఇల్లు కారుతుంటే కప్పు బాగు చేయించుకుంటాం గాని, గొడుగు పట్టుకుని పడుకోము కదా. పోటీల్లో బురద గుంటల్లో మాత్రమే తిరిగే బండి అయితే గట్టివి వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పిల్లల్ని ఎక్కించుకుని రోడ్డు మీద తిరిగే బండికి వద్దు.

ఇంకో మూఢనమ్మకం కూడా ఉంది. గోధుమ రంగు ప్యాకెట్లో సీలు విప్పని మిలిటరీ స్టాకు దొరికితే అదృష్టం అనుకుంటారు. గేర్లకి, బోల్టులకి అది నిజమే. రబ్బరు మాత్రం అలమారులో పడుకున్నా ముసలిదవుతుంది. గాలికి గట్టిపడి పగుళ్లు పడుతుంది. అటుకుల ప్యాకెట్ మీద తేదీ చూసి కొంటాం, నలభై ఏళ్ల రబ్బరుకి చూడమా? కొత్తగా తయారైన మెత్తని సహజ రబ్బరువి కొనండి. షోర్ ఎ గట్టితనం అంకె ఎంతో షాపువాడిని అడగండి. అంకె చెప్పలేనివాడి దగ్గర కొనకండి. ఒక షాపువాడు నాతో "నల్లగా ఉన్నాయి కదండీ, అన్నీ ఒకటే" అన్నాడు. మినుములూ నల్లగానే ఉంటాయి, మిరియాలూ నల్లగానే ఉంటాయి.

నాలుగూ ఒకేసారి మార్చండి. చెడిపోయినది ఒక్కటే మారిస్తే బరువు వంకరగా పడి, కొత్తదే ముందు చిరుగుతుంది. ఇది చిన్న సంగతి కాదు. లో రేంజిలో మొదటి గేరు వేస్తే ఇంజిన్ మెలి ఎనిమిది రెట్లకు పైగా పెరుగుతుంది, దాన్ని ఛాసిస్ మీద ఆపేది ఈ దిమ్మలే. గుట్ట ఎక్కుతుండగా ఒకటి తెగితే ఇంజిన్ పక్కకి లేచి ఫ్యాను రేడియేటరుకి తగలవచ్చు, యాక్సిలరేటరు లింకేజీ లాగబడవచ్చు. పక్క సీట్లో ఎవరు కూర్చున్నారో ఆలోచించుకోండి.

బిగించేటప్పుడు ముందు నట్లు వదులుగా పెట్టి, ఇంజిన్ బరువు పూర్తిగా దిమ్మల మీద కూర్చున్నాకే బిగించాలి. నట్టుతో పాటు రబ్బరు మెలితిరిగితే ఆపి, సరిచేసి, మళ్లీ మొదలుపెట్టండి. రబ్బరు గుండా కరెంటు పోదు కాబట్టి ఇంజిన్‌నుంచి ఛాసిస్‌కి ఎర్త్ స్ట్రాప్ తప్పనిసరి. అది లేకపోతే స్టార్టరు కరెంటు చోక్ కేబులు గుండా దారి వెతుక్కుని దాన్ని కాల్చేస్తుంది. అదే రోజు అది కూడా కొత్తది వేసేయండి.