అడిగితే చెప్పేవారేరి?



మన జంషెడ్‌పూర్ నుంచి పాతిక ముప్పై కిలోమీటర్లు పోతే జాదూగూడ. 1967 నుంచీ యురేనియం తవ్వుతున్న చోటు. 2006 డిసెంబరు చివర్లో డుంగ్రీడీ దగ్గర వ్యర్థాల పైపు పగిలి బురద వాగులో కలిస్తే, గని నడిపే యురేనియం కార్పొరేషన్‌కు కబురు చెప్పింది ఊరివాళ్లే. తాము తాగే నీళ్లలో ఏముందని వాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు.

1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ గోప్యతకు గొడుగు పట్టింది. దేశరక్షణకు కొన్ని రహస్యాలు తప్పవు, ఒప్పుకుంటాం. బావినీళ్ల పరీక్ష ఫలితం రహస్యమెలా అవుతుంది? ప్రజాప్రయోజనం ఎక్కువైతే చెప్పవచ్చని 2005 సమాచార హక్కు చట్టంలోనే 8(2) ఉంది. తీరా రాష్ట్ర శాఖల జవాబుపై అప్పీలుకు వెళ్దామంటే, జార్ఖండ్ సమాచార కమిషన్ 2020 మే నుంచి ఏళ్ల తరబడి కమిషనర్లే లేక స్తంభించింది. ఈ అంశాన్ని ఇప్పుడు ఎత్తుకున్నది అందుకే.

మన కడప జిల్లా తుమ్మలపల్లెలోనూ అదే యురేనియం కార్పొరేషన్ గని ఉంది. అక్కడి రైతులూ బోరునీళ్ల గురించి ఇలాగే అడుగుతున్నారు.

ఈ సంచికలో రాసినవాళ్లు అణువిద్యుత్తు విషయంలో ఒక్క మాట మీద లేరు. ఆ తేడాలను మేం చెరపలేదు. అడిగే హక్కు దగ్గర మాత్రం అందరిదీ ఒకటే గొంతు. దరఖాస్తు నమూనా చివరి పేజీలో ఇచ్చాం. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు.